అతుకు విల్లు

రెండు లేక అంతకంటె ఎక్కువ జాతుల కొయ్యలను జిగురుతో ఒకటిగా కలిపి తయారుచేసిన విల్లును అతుకు విల్లు అని అనవచ్చును. ఒకే పేడు నుండి చెక్కిన విల్లుకు ఇది భిన్నమైనది. కొమ్ము, కొయ్య, జంతువుల నరాలు కలిపి చేసే మధ్య ఆసియా విల్లుకు ఇది దగ్గరి బంధువే అయినా, ఆ విల్లును వేరే తరగతిగా పరిగణిస్తారు. ఈ వ్యాసం కొయ్యతో కొయ్యను అతికించే పద్ధతికి పరిమితం. వెదురు శాస్త్రరీత్యా గడ్డిజాతి మొక్క అయినప్పటికీ విల్లు తయారీలో అది కొయ్యతో సమానంగా ఉపయోగపడుతుంది కనుక దానిని కూడా ఇందులో చేర్చడమైనది.

కొయ్యలను అతికించడానికి ముఖ్యంగా రెండు కారణాలు గలవు. మొదటిది, విల్లు పొడవుకు సరిపడే దోషరహితమైన పేడు దొరకడం కష్టం. రెండవది, లాగినప్పుడు విల్లులోని ఒక్కొక్క భాగం ఒక్కొక్క రకమైన ఒత్తిడికి లోనవుతుంది. ఆ ఒత్తిళ్ళన్నింటినీ సమానంగా తట్టుకోగల కొయ్య చాలా అరుదు. సరియైన చోట సరియైన కొయ్యను ఉంచినట్లయితే విల్లు తేలికగా ఉంటుంది, బాణం వేగంగా వెళుతుంది.

విల్లు భాగాలు

విల్లు మధ్యలో చేతితో పట్టుకునే భాగాన్ని పిడి అంటారు. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో దీనికి లస్తకం అని పేరు. పిడికి ఇరువైపులా వంగే భాగాలు బాహువులు. వాటి కొసలను అమరకోశం అటని అని పేర్కొన్నది. కొసల వద్ద తాడు తగిలించడానికి చేసే గాడిని గంటు అనవచ్చును. తాడును తెలుగులో అల్లెత్రాడు, వింటినారి అని, సంస్కృతంలో జ్య, మౌర్వి, గుణం, శింజిని అని అంటారు.

విలుకాడు విల్లును పట్టుకొన్నప్పుడు అతనికి ఎదురుగా, అతని వైపు ఉండే ముఖాన్ని కడుపు అని, లక్ష్యం వైపు ఉండే ముఖాన్ని వీపు అని ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. ఈ రెండింటి తేడాను మొదటే స్పష్టంగా గుర్తుంచుకొనకపోతే తరువాతి విషయమంతా తలక్రిందులవుతుంది.

వంగిన విల్లులో జరిగేది

విల్లును లాగినప్పుడు వీపు వైపు పీచు సాగుతుంది, కడుపు వైపు పీచు నొక్కుకుపోతుంది. ఈ రెండింటి నడుమ సాగడం గాని, నొక్కుకోవడం గాని లేని ఒక తలం ఉంటుంది. దీనిని తటస్థ తలం అంటారు. ఈ తలం నుండి ఎంత దూరంలో ఉంటే పీచుపై అంత ఎక్కువ ఒత్తిడి పడుతుంది. కనుక విల్లు బలమంతా వీపు, కడుపు ముఖాల సమీపంలోని పలుచని పొరలపైననే ఆధారపడి ఉంటుంది. నడిమి కొయ్య చేసే పని ముఖ్యంగా ఆ రెండు పొరలను ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచడమే.

చదునైన బద్ద బిగువు దాని వెడల్పుకు అనులోమానుపాతంలోను, మందపు ఘనానికి అనులోమానుపాతంలోను ఉంటుంది. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెండింతలు అవుతుంది, మందం రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు అవుతుంది. మందం పదోవంతు తగ్గితే బిగువు సుమారు 27 శాతం తగ్గిపోతుంది. చిత్రిక పట్టేటప్పుడు ఒక్క పొర ఎక్కువ తీసినంత మాత్రాన విల్లు ఎందుకు చెడిపోతుందో ఈ లెక్క చెబుతుంది.

ఇదే లెక్కను మరొక విధంగా చూస్తే అతుకు విల్లు రహస్యం బోధపడుతుంది. 12 మిల్లీమీటర్ల మందం గల బాహువులో నట్టనడిమి 6 మిల్లీమీటర్ల కొయ్య మొత్తం బరువులో సగం ఉంటుంది. కాని మొత్తం బిగువులో దాని వాటా ఎనిమిదో వంతు మాత్రమే. ఆ నడిమి సగం స్థానంలో తేలిక కొయ్యను పెట్టవచ్చును. ఉదాహరణకు ఘన సెంటీమీటరుకు 0.8 గ్రాముల సాంద్రత గల హికరీ నడుమ 0.5 గ్రాముల సాంద్రత గల ఎర్ర సెడారును ఉంచితే బాహువు బరువు దాదాపు 19 శాతం తగ్గుతుంది. బిగువు తగ్గేది 6 నుండి 8 శాతం మాత్రమే. మందాన్ని అర మిల్లీమీటరు కంటె తక్కువగా పెంచి ఆ లోటును పూడ్చుకొనవచ్చును.

తేలిక అనే మాటకు రెండు అర్థాలు

విలువిద్యలో బరువు అనే మాట రెండు విధాలుగా వాడబడుతుంది. ఒకటి, విల్లును తూచితే వచ్చే బరువు. రెండవది, తాడును నిర్ణీత దూరం లాగడానికి కావలసిన బలం. ఈ లాగుడు బరువును ఇప్పటికీ పౌనులలోనే చెబుతారు. 25 పౌనుల విల్లు అంటే తూకానికి పదకొండు కిలోల వస్తువు అని అనుకొనరాదు. అది అర కిలో బరువు కూడా ఉండకపోవచ్చును.

తూకపు బరువు ఎక్కడ ఉన్నదన్నది కూడా ముఖ్యమే. తాడును వదిలినప్పుడు పిడి కదలదు, కొసలు అత్యంత వేగంగా కదులుతాయి. కదిలే వస్తువు తీసుకునే శక్తి దాని వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. కొస వేగంలో సగం వేగంతో కదిలే చోట ఉన్న 40 గ్రాములు, కొస వద్ద ఉన్న 10 గ్రాములు సమానమైన శక్తిని మింగివేస్తాయి. బాణానికి చేరవలసిన శక్తి ఈ విధంగా బాహువులలో మిగిలిపోతుంది, చేతికి అదురుగా తెలుస్తుంది. అందువలన విల్లును తేలిక చేయదలచినవారు మొదట కొసలను సన్నం చేయాలి. పిడి వద్ద బరువు తగ్గించడం వలన మోయడం సులభమవుతుందే తప్ప బాణపు వేగం పెరగదు. పైగా కొంత బరువైన పిడి గురి నిలకడకు తోడ్పడుతుంది.

చరిత్ర

కొయ్యలను జత చేయాలనే ఆలోచనకు ప్రకృతిలోనే ఒక నమూనా ఉన్నది. ఐరోపాలోని యూ చెట్టు బెరడు క్రింది తెల్ల కొయ్య బాగా సాగగలదు, లోపలి ఎర్రని చేవ నొక్కుడును బాగా తట్టుకుంటుంది. ఈ రెండూ కలిసి ఉండేలా చెక్కిన ఇంగ్లీషు విల్లు ఒకే పేడుతో చేసినదైనా, స్వభావంలో రెండు కొయ్యల విల్లే. 1545లో మునిగి 1982లో వెలికితీయబడిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో ఇటువంటి యూ విల్లులు 170కి పైగా లభించాయి. వాటి పొడవు సుమారు 1.87 మీటర్ల నుండి 2.11 మీటర్ల వరకు ఉన్నది.

అంత పొడవైన, ముడులు లేని యూ పేడ్లు ఇంగ్లండులో చాలినన్ని దొరికేవి కావు. 1472లో ఇంగ్లండు చేసిన ఒక చట్టం ప్రకారం ఆ దేశపు రేవులకు సరకు తెచ్చే ఓడలు ప్రతి టన్నుకు నాలుగు వింటి పేడ్లను కూడా తేవలసి వచ్చింది. మధ్య ఐరోపాలోని యూ అడవులు ఈ వ్యాపారం వలన చాలావరకు తరిగిపోయాయి. యూ చాలా మెల్లగా పెరిగే చెట్టు కావడంతో ఆ నష్టం త్వరగా పూడలేదు.

ఉత్తర యూరేషియాలోని ప్రజలు ఈ సమస్యను వేరే విధంగా పరిష్కరించుకున్నారు. సామీ, ఖాంతీ, మాన్సీ మొదలైన జాతులవారు కడుపు వైపు పైన్ కొయ్యను, వీపు వైపు బర్చ్ కొయ్యను అతికించి విల్లు చేసేవారు. వారు ఎంచుకునేది ఏదో ఒక పైన్ కొయ్య కాదు. ఏటవాలుగా పెరిగిన పైన్ చెట్టు క్రింది వైపున, చెట్టు భారాన్ని మోయడానికి ఏర్పడే గట్టి కొయ్యను మాత్రమే తీసుకునేవారు. జీవితమంతా నొక్కుడును భరించిన ఆ కొయ్య వింటి కడుపుకు సరిగ్గా సరిపోతుంది. రెండింటినీ చేపచర్మం నుండి తీసిన జిగురుతో అతికించి, తేమ తగలకుండా పైన బర్చ్ బెరడు చుట్టేవారు. గొప్ప కలప లభించని చలి ప్రాంతంలో, అందుబాటులో ఉన్న రెండు సామాన్య వృక్షాలతో ఇంత చక్కని విల్లును సాధించడం మెచ్చదగినది.

జపాను విల్లును యుమి అంటారు. మొదట అది ఒకే కొయ్యతో చేసినది. హెయాన్ యుగం (794-1185) చివరి భాగంలో దాని వీపుకు వెదురు బద్దను అతికించడం మొదలైంది. తరువాత కడుపు వైపు కూడా వెదురు చేరింది, ఆపైన ప్రక్కలకు కూడా వచ్చింది. చివరకు లోపల సన్నని వెదురు బద్దలను నిలువుగా పేర్చి, ఇరువైపులా హజె అనే మైనపు చెట్టు కొయ్యను, ముందు వెనుకల వెదురును ఉంచే పద్ధతి స్థిరపడింది. జిగురు పూసిన కట్టపై తాడును చుట్టి, ఆ తాడు క్రింద వెదురు చీలలను ఒకదాని తరువాత ఒకటి దిగగొడుతూ విల్లును వెనుకకు వంచుతారు. సాధారణ యుమి పొడవు 221 సెంటీమీటర్లు. దాని పిడి మధ్యలో కాక, క్రింది నుండి సుమారు మూడో వంతు ఎత్తులో ఉంటుంది.

తుర్కీ విల్లుకు వీపున నరాలు, కడుపున కొమ్ము ఉన్నప్పటికీ, లోపలి కొయ్య మాత్రం ఒకే ముక్క కాదు. పిడి, బాహువులు, కొసలు వేర్వేరు మేపుల్ ముక్కలు. వాటిని కోణాకారపు అతుకులతో కలిపేవారు. అతుకుల విద్యలో దీనిని మించినది లేదని చెప్పవచ్చును.

ఇంగ్లండులో యుద్ధాలలో విల్లు వాడుక పోయాక, 18వ శతాబ్దం చివరలో విలువిద్య వినోదక్రీడగా పునరుద్ధరింపబడింది. రాయల్ టాక్సోఫిలైట్ సొసైటీ 1781లో ఏర్పడింది. ఈ కాలం నుండి హికరీ, యాష్ వంటి సాగే కొయ్యలను వీపుగాను, గట్టి ఉష్ణమండల కొయ్యలను కడుపుగాను అతికించిన విల్లులు, అలాగే రెండు పొట్టి యూ పేడ్లను పిడి వద్ద అతికించిన విల్లులు బాగా వ్యాప్తిలోకి వచ్చాయి.

20వ శతాబ్దంలో అమెరికాకు చెందిన క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్, ఫారెస్ట్ నాగ్లర్ విల్లును శాస్త్రీయంగా పరిశీలించారు. వారి వ్యాసాల సంపుటి 1947లో వెలువడింది. గుండ్రని కడుపు గల ఇంగ్లీషు విల్లు కంటె చదునైన అడ్డుకోత గల విల్లు కొయ్యను మెరుగుగా వినియోగించుకుంటుందని ఈ కృషి వలన రుజువైంది. కడుపు గుండ్రంగా ఉంటే నొక్కుడంతా దాని శిఖరం మీద పడుతుంది, చదునుగా ఉంటే వెడల్పంతటా పరచుకుంటుంది. నేటి కొయ్య విల్లులలో అత్యధికం ఈ చదును నమూనాకు చెందినవే. 20వ శతాబ్దపు నడిమి కాలం నుండి గాజునార, తరువాత కార్బన్ నార వచ్చి పోటీ విల్లుల రూపం మారిపోయింది. అయినా ఒలింపిక్ విల్లుల బాహువులలో అనేకం నేటికీ నడుమ తేలిక కొయ్యను, ఇరుముఖాల బలమైన నారను కలిగి ఉన్నాయి. పాత సూత్రమే కొత్త పదార్థాలతో కొనసాగుతున్నదన్నమాట.

భారతదేశంలో

కౌటిల్యుని అర్థశాస్త్రం తాటి, వెదురు, కొయ్య, కొమ్ము అనే నాలుగు పదార్థాల విల్లులను చెప్పి, వాటికి కార్ముకం, కోదండం, ద్రూణం, ధనుస్సు అనే పేర్లను ఇచ్చింది. అల్లెత్రాళ్ళకు మూర్వ, జిల్లేడు, జనుము, గవేధు, వెదురు, స్నాయువు అనే ఆరింటిని పేర్కొన్నది. మూర్వను తెలుగువారి చాగగా పలువురు గుర్తిస్తారు. మౌర్వి అనే పేరు మూర్వ నుండి పుట్టినదే.

నల్లమలలోని చెంచులు, గోదావరి పరిసరాల కోయలు, కొండరెడ్లు తరతరాలుగా వాడిన విల్లులు ప్రధానంగా వెదురువి. తాడు కూడా చాలాచోట్ల వెదురు బద్దే. ఇవి అతుకు విల్లులు కావు. అడవిలో చెడిపోతే అక్కడికక్కడే మరొకటి చేసుకొనగల సాధనానికి జిగురుతో పని లేదు.

నడిమి భాగం ఘనంగా ఉండే సాధనపు వెదురు వీపు బద్దకు అనువైనది. తెలుగులో చరచి, తడ అని పిలిచే చెట్టు (హిందీలో ధామన్) కొయ్య సాగుడుకు, పనిముట్ల పిడులకు పేరుపడినది. సంస్కృతంలో దీనికి గల ధన్వన అనే పేరు విల్లుతోనే ముడిపడి ఉన్నది. ముదురు తాటి మాను బయటి వైపున ఉండే నల్లని చేవ కూడా గట్టిది. అర్థశాస్త్రం తాటికి మొదటి స్థానం ఇవ్వడం ఆశ్చర్యం కాదు.

హిమాలయ ప్రాంతపు యూ చెట్టును మాత్రం విల్లు కొరకు ఎవరూ ఆశించరాదు. బెరడు నుండి క్యాన్సరు మందుకు పనికివచ్చే పదార్థం లభించడం వలన ఆ చెట్లు విపరీతంగా నరకబడి అంతరించే ప్రమాదంలో పడ్డాయి. వాటి అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణలో ఉన్నది. విల్లుల కడుపుకు ఎంతో ప్రసిద్ధమైన దక్షిణ అమెరికా ఇపె కొయ్య వ్యాపారం మీద కూడా 2024 నవంబరు నుండి అదే విధమైన నియంత్రణ అమలులోకి వచ్చింది. సామాన్య కొయ్యలను జత చేసే విద్యకు నేడు గల విలువ ఇక్కడ కనిపిస్తుంది.

కొయ్యల ఎంపిక

వీపుకు సాగుడు బలం ముఖ్యం. హికరీ, యాష్, వెదురు ఇందుకు మంచివి. కడుపుకు నొక్కుడు బలం ముఖ్యం. ఓసేజ్ ఆరెంజ్, ఇపె, యూ చేవ, ఎర్ర సెడారు (పేరుకు సెడారే గాని ఇది జూనిపర్ జాతి) ఈ పనికి పేరుపొందాయి. ఎర్ర సెడారు చాలా తేలిక, నొక్కుడును బాగా తట్టుకుంటుంది, సాగదీస్తే మాత్రం పుటుక్కున విరుగుతుంది. వీపున హికరీ బద్దను అతికిస్తే ఆ లోపం తీరుతుంది. నడిమి పొరకు మేపుల్ వంటి నిలకడ గల కొయ్య చాలును.

జతలో సమతూకం ఉండాలి. వెదురు సాగుడులో అతి బలమైనది. మెత్తని కొయ్యకు మందమైన వెదురు వీపు పెడితే వెదురు సాగడానికి నిరాకరిస్తుంది, తటస్థ తలం వీపు వైపుకు జరుగుతుంది, భారమంతా కడుపు మీద పడి అక్కడ సన్నని అడ్డ ముడతలు వస్తాయి. దీనికి విరుగుడుగా వెదురును 3 మిల్లీమీటర్లకు మించకుండా పలుచన చేస్తారు. లేదా బాహువు అడ్డుకోతలో వీపు వైపు వెడల్పును తగ్గించి, కడుపు వైపు ఎక్కువగా ఉంచుతారు. బలమైన కొయ్య ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనే అభిప్రాయం విల్లు విషయంలో తప్పు.

వీపు బద్దలో పీచు ఒక కొస నుండి మరొక కొస వరకు తెగకుండా సాగాలి. పైకి కనిపించే చారలను బట్టి మోసపోరాదు. అదే పలక నుండి చిన్న ముక్కను గొడ్డలితో చీల్చి చూస్తే పీచు నిజమైన దారి తెలుస్తుంది. వెదురు అయితే బయటి పచ్చటి పొర క్రిందనే పీచు దట్టంగా ఉంటుంది కనుక ఆ ముఖాన్ని చెక్కరాదు. లోపలి వైపు మాత్రమే చదును చేయాలి. కణుపుల వద్ద బయటి ఉబ్బును కూడా దాదాపు అలాగే వదలాలి.

కొయ్యలో తేమ 8 నుండి 10 శాతం ఉండగా విల్లు బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట కొయ్య తనంతట తానే ఇంచుమించు 9 శాతం వద్ద నిలుస్తుంది. సముద్రతీర ప్రాంతాలలో వలె గాలిలో తేమ 80 శాతానికి చేరితే కొయ్యలోని తేమ 16 శాతం వరకు పెరుగుతుంది. అటువంటి కొయ్య లాగిన వంపులోనే ఉండిపోతుంది. తేమను కొలిచే పరికరం లేనివారు కొయ్యను ప్రతి వారం తూచి, తూకం తగ్గడం ఆగిపోయే వరకు ఆగాలి. ఒకే విల్లులో కలిపే కొయ్యలన్నీ కొన్ని వారాలపాటు ఒకే గదిలో ఉండడం అవసరం. లేకపోతే అతికించిన తరువాత ఒకటి కుంచించుకుపోయి, మరొకటి అలాగే ఉండి విల్లు మెలిపడుతుంది.

అతుకుల రకాలు

కొయ్య అడ్డుకోత జిగురును సరిగా పట్టదు. పీచు పొడవునా ఉండే ముఖాలు జిగురును గట్టిగా పట్టుకుంటాయి. అన్ని అతుకుల వెనుక ఉన్న నియమం ఇదొక్కటే.

పొర అతుకు: బద్దలను పొడవునా ఒకదానిపై ఒకటి అతికించడం. జిగురు ముఖం విశాలం కనుక ఇది అన్నింటికంటె నమ్మకమైనది.

ఏటవాలు అతుకు: పొడవు చాలని రెండు బద్దల కొసలను ఏటవాలుగా కోసి కలపడం. మందానికి పది రెట్లు తగ్గకుండా ఏటవాలు పొడవు ఉండాలి. 4 మిల్లీమీటర్ల బద్దకు 4 సెంటీమీటర్ల అతుకన్నమాట. దీనిని వంగని చోట, అనగా పిడి భాగంలో ఉంచుతారు.

చేపతోక అతుకు: రెండు పొట్టి పేడ్లను పిడి వద్ద కలిపే పద్ధతి. ఒక పేడు కొసను చేపతోక వలె రెండు నాలుకలుగా, రెండవదానిని వాటిలో ఇమిడే విధంగా కోస్తారు. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. రెండు పేడ్లూ ఒకే దుంగలో ప్రక్కప్రక్కన ఉన్నవైతే బాహువులు రెండూ ఒకే రీతిగా వంగుతాయి. రెండు పేడ్ల వీపులు ఒకే గీతలో ఉన్నవో లేదో జిగురు పూయక ముందే దారం పట్టి చూడాలి.

కొస అతుకు: బాహువు చివరి 15 సెంటీమీటర్ల భాగం అంతగా వంగదు. అక్కడ బరువైన కొయ్యను తీసివేసి, కోణాకారపు గంటుతో తేలిక కొయ్యను అతికించవచ్చును. అయితే మెత్తని కొయ్యను తాడు కోసివేస్తుంది కనుక గంటు ఉన్న చోట కొమ్ము ముక్కను గాని, గట్టి కొయ్య బిళ్ళను గాని అతికించడం తప్పనిసరి.

జిగురు

పూర్వం చేపచర్మం, పశువుల తోలు నుండి తీసిన జిగురులు వాడేవారు. వడ్రంగులకు పరిచితమైన సరేసు ఈ కోవకు చెందినదే. బలంలో ఇది దేనికీ తీసిపోదు, తేమకు మాత్రం లొంగిపోతుంది. నేడు ఎక్కువగా వాడేది రెండు భాగాలు కలిపే ఎపాక్సీ, లేక యూరియా ఫార్మాల్డిహైడ్ పొడి జిగురు. సాధారణ తెల్ల జిగురు ఎడతెగని ఒత్తిడిలో మెల్లగా జారే గుణం గలది కనుక దానికంటె నీటిని తట్టుకునే రకాలు మేలు.

ముఖాలను చిత్రిక పట్టిన రోజే అతికించాలి. టేకు, ఇపె, ఓసేజ్ వంటి నూనెగల కొయ్యలను గరుకు చేసి, అసిటోనుతో తుడిచి వెంటనే జిగురు పూయాలి. ఎపాక్సీని అతిగా బిగిస్తే జిగురంతా బయటకు పోయి అతుకు బలహీనపడుతుంది. పొడి జిగురుకు దీనికి వ్యతిరేకంగా గట్టి బిగింపు, సందు లేని ముఖాలు కావాలి.

తయారీ విధానం

28 అంగుళాల (71 సెంటీమీటర్ల) లాగుడుకు, సుమారు 35 పౌనుల బరువుకు ఉద్దేశించిన మూడు పొరల విల్లును ఇక్కడ ఉదాహరణగా తీసుకొనవచ్చును. పొడవు 170 సెంటీమీటర్లు. వీపుకు 3 మిల్లీమీటర్ల వెదురు, కడుపుకు 4 మిల్లీమీటర్ల గట్టి కొయ్య, నడుమ తేలిక కొయ్య. బాహువు మొత్తం మందం పిడి దగ్గర 13-14 మిల్లీమీటర్లు, కొస వద్ద సుమారు 10 మిల్లీమీటర్లు. వెడల్పు బాహువు సగం వరకు 3.2 సెంటీమీటర్లు, అక్కడి నుండి క్రమంగా తగ్గుతూ కొస వద్ద 1.2 సెంటీమీటర్లు. కొయ్యను బట్టి ఈ కొలతలు మారుతాయి కనుక మొదట కొంత మందంగానే ఉంచుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఏకకొయ్య విల్లులో మందాన్ని కడుపు వైపు చెక్కి తగ్గిస్తారు. మూడు పొరల విల్లులో అలా చేస్తే పలుచని కడుపు పొర కొస దగ్గర పూర్తిగా కొట్టుకుపోయి, లోపలి మెత్తని కొయ్య బయటపడుతుంది. అందువలన మందంలో రావలసిన తగ్గుదలను అతికించక ముందే నడిమి బద్దలో చేయాలి. ఈ నియమాన్ని పాటించకపోవడం మూడు పొరల విల్లులు చెడిపోవడానికి ముఖ్య కారణం.

బద్దలు సిద్ధమైన తరువాత కొద్దిగా వెనుకకు వంగిన దిమ్మెను తయారుచేసుకోవాలి. కొసలు వీపు వైపుకు 5 సెంటీమీటర్లు లేచేటట్లు ఉంటే చాలు. బద్దలకు జిగురు పూసి, వీపు దిమ్మె వంపులో ఆనేటట్లు ఉంచి, సైకిలు ట్యూబును సన్నని పట్టీలుగా కోసి ఒక కొస నుండి మరొక కొసకు బిగువుగా చుట్టాలి. బిగింపు మరలు ఎన్ని ఉన్నా మధ్యమధ్య ఖాళీలు ఉంటాయి, ట్యూబు చుట్టలో అవి ఉండవు. జిగురు పూర్తిగా గట్టిపడే వరకు, కనీసం ఒక రోజు, కదపరాదు.

ఇలా వెనుకకు వంచి అతికించడం వలన మేలు ఉన్నది. అతుకు గట్టిపడే సమయానికి వీపు బద్ద బయటి ముఖం కొద్దిగా నొక్కుకొని, కడుపు బద్ద బయటి ముఖం కొద్దిగా సాగి ఉంటాయి. తరువాత విల్లును లాగినప్పుడు ముందుగా ఈ వ్యతిరేకపు ఒత్తిడి తీరాలి, ఆ తరువాతనే అసలు ఒత్తిడి మొదలవుతుంది. ఫలితంగా రెండు ముఖాలకూ గరిష్ఠ భారం కొంత తగ్గుతుంది, విల్లు వంపులో ఉండిపోయే గుణం కూడా తగ్గుతుంది.

తరువాత పిడి దిమ్మె. కడుపు వైపు 30 సెంటీమీటర్ల పొడవు గల దిమ్మెను అతికించి, నడుమ 10 సెంటీమీటర్లు పిడిగా ఉంచి, రెండు వైపులా కాగితమంత పలుచన అయ్యే వరకు వాలుగా తగ్గించాలి. వాలు అకస్మాత్తుగా ముగిస్తే దాని అంచు వద్ద వంపు కేంద్రీకృతమై దిమ్మె ఊడి వస్తుంది.

వంపు సరిదిద్దడం

విల్లు తయారీలో అన్నింటికంటె ఓపిక కావలసినది ఈ దశ. మొదట కొసల వద్ద చిన్న గంట్లు కోసి, విల్లు పొడవు కంటె కొంచెం పొడవైన తాడును కట్టాలి. గోడకు బిగించిన కొయ్యపై పిడిని ఆనించి, క్రింది కప్పీ గుండా తాడును లాగుతూ దూరంగా నిలబడి చూడాలి. విరిగితే ముక్కలు ఎగిరే దారిలో మనిషి ఉండరాదు.

రెండు బాహువులూ ఒకే మాదిరిగా, చాపం వలె వంగాలి. ఎక్కడైనా నిటారుగా కనిపిస్తే అక్కడ కొయ్య ఎక్కువగా ఉన్నట్లు. ఎక్కడైనా మడత పడినట్లు కనిపిస్తే అది బలహీన స్థానం. బలహీన స్థానాన్ని ముట్టుకొనక మిగిలిన చోట్ల తగ్గించుకుంటూ రావాలి. గోకుడు బ్లేడుతోనో, గాజు పెంకుతోనో కడుపు వైపు నుండి, లేక ప్రక్కల నుండి కొద్దికొద్దిగా తీయాలి. వీపును ముట్టుకొనరాదు. తీసిన ప్రతిసారి ఇరవై ముప్పై మార్లు కొద్దిగా లాగి వదిలితే గాని కొత్త వంపు కనబడదు.

ఇంకొక నియమం. విల్లుకు చివరకు ఉండవలసిన బరువు ఎంతో, తయారీలో ఏ దశలోనూ అంతకు మించిన బరువుతో లాగరాదు. 35 పౌనుల విల్లు 15 అంగుళాల వద్దనే 35 పౌనులు చూపితే అక్కడే ఆగి, కొయ్య తగ్గించి, ఆ తరువాత 16 అంగుళాలకు పోవాలి. వంపు కుదరక ముందే పూర్తిగా లాగి చూడాలనే ఆత్రుత ఎన్నో మంచి విల్లులను విరిచివేసింది.

క్రింది బాహువును పై బాహువు కంటె కొంచెం బిగువుగా ఉంచడం ఆచారం. తాడు కట్టినప్పుడు పిడి అంచుల వద్ద తాడుకు, బాహువుకు గల దూరం క్రింద 3 నుండి 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండవచ్చును.

తాడు కట్టిన విల్లులో పిడికి, తాడుకు మధ్య దూరం సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. పిడికిలి బిగించి పిడిపై ఉంచి, బొటనవేలును నిలిపితే దాని కొస తాడును తాకాలి. ఇది ఐరోపాలో చాలా కాలం నుండి ఉన్న చేతి కొలత. తాడుకు పూర్వం అవిసె నార వాడేవారు, నేడు కొంత సాగే గుణం గల డాక్రాన్ కొయ్య విల్లులకు క్షేమకరం. ఏమాత్రం సాగని ఆధునిక నారలు సన్నని కొసలను విరిచివేయగలవు.

లోపాలు, వాటి గుర్తులు

కడుపు మీద అడ్డంగా వెంట్రుకవాసి ముడతలు కనిపిస్తే అక్కడి పీచు నొక్కుకుపోయి నలిగినట్లు. ఇటువంటి విల్లు వెంటనే విరగదు గాని మళ్ళీ పూర్వస్థితికి రాదు. ఇరుప్రక్కలా కొయ్య తగ్గించి ఆ చోట భారం తగ్గించడమొక్కటే మార్గం. వీపున పీచు లేవడం ఇంతకంటె ప్రమాదకరం. దారం చుట్టి జిగురు పట్టించి కొంతకాలం నడపవచ్చును కాని అటువంటి విల్లును పిల్లల చేతికి ఇవ్వరాదు. లాగినప్పుడు టిక్కుమనే చప్పుడు వస్తే అది సాధారణంగా జిగురు విడిపోతున్న గుర్తు. అతుకు గీత వెంట గోరు నడిపితే విడిన చోటు తెలుస్తుంది.

ఏకకొయ్య విల్లు కంటె అతుకు విల్లు ఎప్పుడూ మేలైనదనడం సరికాదు. మంచి యూ లేక ఓసేజ్ పేడుతో నిపుణుడు చెక్కిన విల్లు ఏ అతుకు విల్లుకూ తీసిపోదు, అందులో ఊడిపోవడానికి అతుకే లేదు. అటువంటి పేడు, అటువంటి నిపుణుడు దొరకని చోట అతుకు విల్లు నిలుస్తుంది.

సంరక్షణ

పూర్తయిన విల్లుకు వార్నిషు గాని, అవిసె నూనె గాని పలుమార్లు పూసి తేమ నుండి కాపాడాలి. పని అయిన వెంటనే తాడు దించాలి. గోడకు నిటారుగా ఆనించక, రెండు మేకుల మీద అడ్డంగా ఉంచాలి. ఎండలో నిలిపిన వాహనంలో వదిలిన విల్లు జిగురు మెత్తబడి పాడవుతుంది. బాణం లేకుండా తాడును లాగి వదలడం అన్ని విల్లులకూ హానికరం. బాణానికి పోవలసిన శక్తి అంతా బాహువులకే తగిలి, అతుకు విల్లు అయితే అతుకుల వద్దనే విడిపోతుంది. చాలా నెలలు వాడని విల్లును మళ్ళీ తీసినప్పుడు మొదట సగం దూరం వరకే పదిపదిహేను మార్లు లాగి, అతుకు గీతలను వెలుతురులో పరిశీలించి, ఆ తరువాతనే బాణం సంధించాలి.